ఫిలిప్స్ హ్యూ

ఫిలిప్స్ హ్యూ అనునది మొబైల్ ఫోనులోని యాప్ ద్వారా రంగును, వెలుగును మార్చుకొనుటకు వీలున్న ఎల్ఈడీ విద్యుద్దీపాల శ్రేణి. నెదర్లాండ్స్ దేశానికి చెందిన ఫిలిప్స్ సంస్థ దీనిని 2012 అక్టోబరులో విడుదల చేసింది. ప్రస్తుతం ఫిలిప్స్ పేరును వాడుకొనుటకు అనుమతి కలిగిన సిగ్నిఫై సంస్థ వీటిని తయారుచేస్తున్నది. సాధారణ దీపాన్ని గోడమీది స్విచ్చు ఒక్కటే నియంత్రిస్తుంది. ఈ దీపాల నియంత్రణ మాత్రం బల్బు, బ్రిడ్జి అనబడే చిన్న పెట్టె, ఫోను, తయారీ సంస్థ సర్వర్లు అను నాలుగింటి మధ్య పంచబడి ఉంటుంది. వీటిలో ఏ పని ఎక్కడ జరుగుతున్నదో తెలిసినచో ఈ దీపాల సౌలభ్యాలు, పరిమితులు రెండూ అర్థమవుతాయి.

చరిత్ర

తొలి హ్యూ దీపాలు 2012 అక్టోబరు 30 నుండి ఆపిల్ సంస్థ దుకాణాలలో అమ్మకానికి వచ్చాయి. మూడు బల్బులు, ఒక బ్రిడ్జి కలిసిన పెట్టె ధర అమెరికాలో 199 డాలర్లు. 2013 మార్చిలో, ఇతరులు కూడా ఈ దీపాలకు ప్రోగ్రాములు వ్రాసుకొనుటకు వీలుగా నియంత్రణ ఆజ్ఞల వివరాలను సంస్థ బహిరంగపరచింది. 2015 అక్టోబరులో చతురస్రాకారపు రెండవ తరం బ్రిడ్జి విడుదలయింది. దీనితో ఆపిల్ హోమ్‌కిట్ ద్వారా మాటలతో దీపాలను నియంత్రించుట సాధ్యమయింది.

ఫిలిప్స్ సంస్థలోని దీపాల విభాగం 2016లో స్టాక్ మార్కెట్లో నమోదై, 2018లో సిగ్నిఫై అని పేరు మార్చుకొన్నది. 2019లో బ్రిడ్జి లేకుండానే బ్లూటూత్ ద్వారా పనిచేయు బల్బులు వచ్చాయి. వివిధ సంస్థల గృహోపకరణాలు ఒకదానితో ఒకటి పనిచేయుటకు రూపొందిన మ్యాటర్ ప్రమాణం 2023లో హ్యూ బ్రిడ్జికి చేర్చబడింది. 2025 సెప్టెంబరులో 150 దీపాల వరకు నిర్వహించగల బ్రిడ్జి ప్రో విడుదల చేయబడింది.

రంగులు ఏర్పడు విధానం

రంగులు మార్చే హ్యూ బల్బులో వేర్వేరు రంగుల ఎల్ఈడీలు ఉంటాయి. ఒక్కొక్క ఎల్ఈడీని కంటికి తెలియనంత వేగంగా వెలిగించి ఆర్పుచూ, వెలిగియుండు కాలాన్ని పెంచుట లేక తగ్గించుట ద్వారా దాని వెలుగును మార్చుతారు. ఈ వెలుగులు కలిసి కంటికి ఒకే రంగుగా కనిపిస్తాయి. తొలితరం బల్బులలో ఎరుపు, నీలం ఎల్ఈడీలతోపాటు స్వచ్ఛమైన ఆకుపచ్చకు బదులు నిమ్మపండు ఛాయ కలిగిన ఎల్ఈడీ వాడబడింది. దీనివలన తెల్లని వెలుగు బాగుండేది కాని చిక్కని ఆకుపచ్చ, నీలి ఆకుపచ్చ రంగులు సరిగా వచ్చేవి కావు. 2016లో వచ్చిన బల్బులలో ఈ లోపం చాలావరకు సరిచేయబడింది.

తెలుపులోనూ రకాలు కలవు. వీటిని వర్ణ ఉష్ణోగ్రతగా కెల్విన్లలో కొలుస్తారు. ఈ బల్బులు కొవ్వొత్తి వెలుగును పోలిన 2000 కెల్విన్ల నుండి పగటి వెలుగును పోలిన 6500 కెల్విన్ల వరకు తెల్లని ఛాయలను ఇవ్వగలవు. మొదట బహిరంగపరచిన ఆజ్ఞలలో ఈ విలువను మైరెడ్ అను ప్రమాణంలో తెలుపవలసి ఉండేది. పది లక్షలను కెల్విన్ల సంఖ్యతో భాగించగా వచ్చునదే మైరెడ్. అందుచేత 2000 కెల్విన్లకు 500, 6500 కెల్విన్లకు సుమారు 154 వస్తుంది. వెలుగు తీవ్రత 1 నుండి 254 వరకు గల సంఖ్యతో సూచించబడేది.

సంకేతాల ప్రయాణం

ఫోను నుండి వచ్చిన ఆజ్ఞ ఇంటిలోని వై-ఫై ద్వారా రౌటరుకు, అక్కడి నుండి తీగ ద్వారా బ్రిడ్జికి చేరుతుంది. బ్రిడ్జి దానిని జిగ్‌బీ అను రేడియో పద్ధతిలోకి మార్చి బల్బులకు పంపుతుంది. జిగ్‌బీ 2.4 గిగాహెర్ట్జ్ పౌనఃపున్యంలో సెకనుకు 250 కిలోబిట్ల వేగంతో పనిచేస్తుంది. వీడియోలకు ఈ వేగం చాలదు కాని, దీపానికి పంపవలసిన చిన్న సందేశాలకు ఇది సరిపోతుంది. విద్యుత్తు ఖర్చు కూడా తక్కువ.

ప్రతి బల్బు తనకు వచ్చిన సంకేతాన్ని పక్క బల్బుకు అందించగలదు. ఈ వలవంటి అమరిక వలన బ్రిడ్జికి దూరంగా ఉన్న గదిలోని దీపానికి కూడా మధ్యనున్న దీపాల మీదుగా సంకేతం చేరుతుంది. బ్యాటరీతో పనిచేయు స్విచ్చులు, కదలికను గుర్తించు సెన్సర్లు మాత్రం ఇతర పరికరాల సంకేతాలను ముందుకు పంపవు. 2014లో వచ్చిన హ్యూ ట్యాప్ అను స్విచ్చుకు బ్యాటరీ కూడా అవసరం లేదు. మీటను నొక్కినపుడు కలిగే శక్తితోనే అది సంకేతం పంపేది.

మొదటి, రెండవ తరం బ్రిడ్జిలకు సుమారు 50 దీపాలను జతచేయవచ్చు. బ్లూటూత్ పద్ధతిలో ఒక గది పరిధిలో 10 దీపాల వరకు మాత్రమే వీలవుతుంది.

స్వయంచాలక నియంత్రణ

కొన్ని దీపాల రంగులను, వెలుగులను కలిపి ఒక పేరుతో దాచుకొనుటను సీన్ అంటారు. చదువుకొనుటకు ఒకటి, భోజనానికి ఒకటి, నిద్రకు ముందు ఒకటి చొప్పున సీన్లను ఏర్పరచుకొనవచ్చు. ఒక సమయానికి గాని, సూర్యోదయ సూర్యాస్తమయాలకు గాని, సెన్సరు కదలికను గుర్తించినపుడు గాని ఏ సీన్ రావలెనో యాప్‌లో నిర్ణయించవచ్చు. ఊరికి వెళ్ళినపుడు ఇంట్లో మనుషులున్నట్లు దీపాలు వెలిగి ఆరునట్లు కూడా చేయవచ్చు.

ఈ నియమాలను ఫోనులో వ్రాసినప్పటికీ అవి బ్రిడ్జిలో భద్రపరచబడతాయి. అందుచేత ఫోను ఆగిపోయినా, అంతర్జాల సంబంధం తెగిపోయినా, నిర్ణీత సమయానికి దీపాలు వెలుగుతాయి. ఇంటి వై-ఫై ఉన్నంతవరకు ఇంటిలోనుండి యాప్ కూడా పనిచేస్తుంది. ఇంటి బయటనుండి నియంత్రించుట, ఫోను ఇంటికి సమీపించగానే దీపాలు వెలుగుట వంటివి మాత్రం అంతర్జాలం మీద ఆధారపడినవి.

గోడ స్విచ్చు, విద్యుత్ కోత

గోడ స్విచ్చు ఆపినచో బల్బుకు విద్యుత్తు అందదు, కనుక అది ఏ ఆజ్ఞనూ స్వీకరించలేదు. దాని మీదుగా సంకేతాలు అందుకొంటున్న ఇతర దీపాలకు కూడా ఆటంకం కలుగవచ్చు. అందువలన ఈ దీపాల గోడ స్విచ్చును ఎల్లప్పుడు వేసియుంచి, బ్యాటరీ స్విచ్చును గాని యాప్‌ను గాని వాడుట వాడుకలో ఉన్నది. ఇంటిలోని పెద్దలు, అతిథులు అలవాటుగా గోడ స్విచ్చును ఆపుట ఈ వ్యవస్థకు తరచు ఎదురయ్యే చిక్కు.

విద్యుత్ కోతలు ఉండే ప్రాంతాలలో మరొక ఇబ్బంది కలదు. తొలినాళ్ళలో పోయిన విద్యుత్తు తిరిగి రాగానే హ్యూ బల్బులన్నీ పూర్తి వెలుగుతో వెలిగేవి. అర్ధరాత్రి కరెంటు పోయి వచ్చినచో ఆర్పి ఉంచిన పడకగది దీపాలు కూడా వెలిగి నిద్రాభంగం కలిగించేవి. విద్యుత్ కోతకు, గోడ స్విచ్చు ఆపుటకు గల తేడా బల్బుకు తెలియకపోవుటయే ఇందుకు కారణం. వాడుకరుల విజ్ఞప్తుల తరువాత 2018 చివరిలో, విద్యుత్తు తిరిగి వచ్చినపుడు మునుపటి స్థితినే కొనసాగించు అమరిక చేర్చబడింది. ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణాలలో ఇళ్ళలో ఎక్కువగా కనిపించే రెండు పిన్నుల హోల్డరుకు సరిపడు బి22 రకపు బల్బులు భారతదేశంలో లభిస్తాయి. ఇన్వర్టరు లేని ఇళ్ళలో ఈ అమరికను ముందుగానే ఎంచుకొనుట మేలు.

భద్రత

కొత్త యాప్‌ను బ్రిడ్జితో జతచేయుటకు బ్రిడ్జి మీది మీటను చేతితో నొక్కవలసి ఉంటుంది. ఇంటిలో ఉన్నవారే నియంత్రణ పొందవలెననుట దీని ఉద్దేశం. అయినను ఈ వ్యవస్థలో లోపాలు బయటపడినవి.

2016లో ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థ, కెనడాలోని డల్హౌసీ విశ్వవిద్యాలయ పరిశోధకులు రేడియో పరికరాన్ని డ్రోనుకు అమర్చి, ఒక భవనంలోని హ్యూ దీపాలను సుమారు 350 మీటర్ల దూరం నుండి తమ అదుపులోకి తెచ్చుకొన్నారు. ఈ బృందంలో ఆర్ఎస్ఏ గూఢలేఖన పద్ధతి రూపకర్తలలో ఒకరైన ఆదీ షామీర్ ఉన్నారు. ఒకే రహస్య సంకేతాన్ని అనేక బల్బులకు వాడుట వలన, ఒక బల్బు నుండి మరొక బల్బుకు హానికర ప్రోగ్రాము వ్యాపించే ప్రమాదం ఉన్నదని వారు చూపారు. సంస్థ అదే సంవత్సరం అక్టోబరులో దీనికి సవరణను విడుదల చేసింది.

2020లో చెక్ పాయింట్ సంస్థ పరిశోధకులు మరొక లోపాన్ని ప్రకటించారు. దీనిలో దాడిచేయువారు ముందు ఒక బల్బును వశపరచుకొని దాని వెలుగును ఇష్టం వచ్చినట్లు మార్చుతారు. బల్బు చెడిపోయినదనుకొని ఇంటివారు దానిని యాప్ నుండి తీసివేసి తిరిగి చేర్చినపుడు, అది బ్రిడ్జి ద్వారా ఇంటి కంప్యూటర్ల వ్యవస్థలోకి ప్రవేశించుటకు దారి ఇస్తుంది. ఈ లోపం కూడా సవరించబడింది. సాఫ్ట్‌వేరు సవరణలు అందని పాత పరికరాలకు ఇటువంటి ప్రమాదాలు ఎక్కువ.

వివాదాలు

బల్బు కొన్న తరువాత కూడా దాని ప్రవర్తనను సంస్థ మార్చగలదని పలు సంఘటనలు తెలిపినవి.

* 2015 డిసెంబరులో వచ్చిన ఒక సాఫ్ట్‌వేరు మార్పు, ధ్రువీకరణ లేని ఇతర సంస్థల బల్బులను బ్రిడ్జికి జతచేయుటకు వీలులేకుండా చేసింది. వాడుకరులు తీవ్రంగా నిరసించగా కొద్ది రోజులలోనే సంస్థ ఈ మార్పును ఉపసంహరించుకొన్నది.
* 2020 ఏప్రిల్ 30 తరువాత గుండ్రని తొలితరం బ్రిడ్జికి సాఫ్ట్‌వేరు సవరణలు, అంతర్జాల సేవలు నిలిపివేయబడినవి. ఇంటిలోపల నుండి నియంత్రించుట మాత్రం ప్రత్యేక యాప్ ద్వారా కొనసాగింది.
* 2023 సెప్టెంబరులో, యాప్ వాడుటకు సంస్థ వద్ద ఖాతా తప్పనిసరి కానున్నదని ప్రకటన వెలువడింది. భద్రత కొరకే అని సంస్థ తెలుపగా, ఇంటిలోని దీపం వెలిగించుటకు బయటి ఖాతా ఎందుకని పలువురు విమర్శించారు.

విద్యుత్ వినియోగం

తొలితరం బల్బు 8.5 వాట్లతో 600 ల్యూమెన్ల వెలుగు ఇచ్చేది. దీపం ఆర్పియున్నను ఆజ్ఞల కొరకు ఎదురుచూచు రేడియో భాగానికి అర వాటు వరకు ఖర్చవుతుంది. పది బల్బులు రోజంతా అర వాటు చొప్పున వాడినచో సంవత్సరానికి సుమారు 44 యూనిట్లు అవుతుంది. కావున, రోజుకు కొద్ది నిమిషాలు మాత్రమే వెలిగే నిల్వగది, స్నానపుగది వంటి చోట్ల సాధారణ ఎల్ఈడీ బల్బే పొదుపు.

ఇవి కూడా చూడండి

* కాంతి ఉద్గార డయోడ్
* జిగ్‌బీ
* వర్ణ ఉష్ణోగ్రత
* బ్లూటూత్