దిఙ్నాగుడి హేతువు, లూ త్సాయ్ ప్రశ్నలు

సూరత్‌లో మరమగ్గాల మీద బతికే తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. మా బమ్రోలిలో అలాంటి ఒక ఇంట్లో ఈ మధ్య కుదిరిన సంబంధం తప్పిపోయింది. పిల్లకీ పిల్లాడికీ ఇష్టమే. పిల్లకి కుజదోషం ఉందని జ్యోతిష్కుడు చెప్పాడు, అంతే. ‘‘ఎందుకు తమ్మీ లేనిపోని లొల్లి’’ అన్నాడు పిల్లాడి తండ్రి. ‘‘అన్నా, 2006 ఆగస్టులో తాపీ పొంగి సూరత్‌లో ఎక్కువ భాగం మునిగింది గదా. మునిగినోళ్ళందరిదీ ఒకటే జాతకమా?’’ అని అడిగాను. ఆయన నవ్వి ఊరుకున్నాడు.

ఈ ప్రశ్న నా సొంతం కాదు. 7వ శతాబ్దంలో చైనాలో లూ త్సాయ్ అనే రాజోద్యోగి అడిగిందే. క్రీ.పూ. 260లో చాంగ్‌పింగ్ యుద్ధంలో లొంగిపోయిన సైనికుల్ని పాతిపెట్టి చంపారు. నాలుగు లక్షల మంది అని పాత చరిత్రలు చెబుతాయి. వాళ్ళంతా ఒకే చెడు ఘడియలో పుట్టారా అన్నాడు లూ త్సాయ్. ముహూర్తాలు, జాతకాలు, వాస్తు పుస్తకాల్ని సరిచేసి పెట్టమని చక్రవర్తి తైజోంగ్ ఆయనకి పని అప్పజెప్పాడు. 641లో ముగిసిన ఆ పనిలోనే ఈ ప్రశ్న కూడా పెట్టేశాడు!

ఇప్పుడు మన వైపు చూద్దాం. ఏలూరు దగ్గరి పెదవేగి, అంటే పాత వేంగి. సుమారు 639లో ఆంధ్రదేశానికి వచ్చిన హ్యూయన్ త్సాంగ్, ఈ ఊరికి కొంత దూరంలోని ఒక కొండ మీద దిఙ్నాగుడు హేతువిద్యా గ్రంథం రాశాడని చెప్పాడు. దిఙ్నాగుడు మనవాడని జబ్బలు చరుచుకోనక్కర్లేదు, ఆయన పుట్టింది కంచి దగ్గర అంటారు. ఆయన చెప్పింది ముఖ్యం. ప్రమాణాలు రెండే: ప్రత్యక్షం, అనుమానం. శాస్త్రం చెప్పింది కాబట్టి నిజం అనే వాదానికి ఆయన విడిగా పీట వెయ్యలేదు. హేతువుకి మూడు పరీక్షలు పెట్టాడు. కొండ మీద నిప్పుందని నిరూపించాలంటే పొగ ఆ కొండ మీద ఉండాలి. నిప్పున్న వేరే చోట, వంటింట్లో లాగా, కనిపించాలి. నిప్పు లేని చోట, చెరువులో లాగా, ఎక్కడా ఉండకూడదు.

ఈ మూడోదాన్ని కుజదోషానికి పెట్టి చూడండి. దోషం ఉండి కూడా మొగుడు నిక్షేపంగా ఉన్న ఒక్క ఇల్లాలు చాలు, హేతువు కూలిపోతుంది. అలాంటి వాళ్ళు మా వీధిలోనే ఉన్నారు.

అయితే దిఙ్నాగుడు బౌద్ధ భిక్షువు, మన అర్థంలో హేతువాది కాదు. తర్కం రాసిన మనిషికి మంజుశ్రీ ప్రత్యక్షమయ్యాడని హ్యూయన్ త్సాంగే భక్తితో రాసుకున్నాడు. ఆ యాత్రికుడే 645లో చైనాకి తిరిగి వెళ్ళి రెండు తర్క గ్రంథాల్ని చైనీసులోకి మార్చాడు. ఒకటి శంకరస్వామి రాసిన న్యాయప్రవేశం, రెండోది దిఙ్నాగుడి న్యాయముఖం. ఆ విద్యకి వాళ్ళు పెట్టుకున్న పేరు యిన్‌మింగ్. యిన్ అంటే హేతువు.

ఇక్కడే మన లూ త్సాయ్ మళ్ళీ వస్తాడు. సంస్కృతం రాదు, గురువు లేడు. ఒక మిత్రుడు పంపిన భిక్షువుల వ్యాఖ్యానాల్ని సొంతంగా చదువుకుని, వాటిలో నలభైకి పైగా ఆక్షేపణలతో 655లో పుస్తకం రాశాడు. ఆరామాల్లో గగ్గోలు పుట్టింది. భిక్షువులు మంత్రికి ఫిర్యాదు రాశారు. గురువు దగ్గర చదవనివాడికి ఇందులో ఏం పని అనేది వాళ్ళ ప్రధాన అభ్యంతరం. (ఈ మాట మనకి కొత్తా?) చివరికి రాజాజ్ఞతో హ్యూయన్ త్సాంగ్ ఎదుట నిలబెట్టి వాదం పెట్టించారు. లూ త్సాయ్ ఓడి వెళ్ళిపోయాడని రాశారు. రాసింది హ్యూయన్ త్సాంగ్ శిష్యులు.

నిజంగా ఓడి ఉండొచ్చు కూడా. మూలభాష రాని మనిషి సాంకేతిక పదాల దగ్గర తడబడి ఉంటాడు, అందులో అవమానం లేదు. నాకు బాధ కలిగించేది వేరు. జాతకాన్ని లెక్కతో నిలదీసిన మనిషి చేతికి దిఙ్నాగుడి మూడు పరీక్షలు దొరికాయి. ఆ కలయిక నుంచి ఏదైనా పుట్టే లోపే యిన్‌మింగ్ భిక్షువుల సొత్తుగా తేలిపోయింది. కొన్ని తరాలకి చైనాలో దాన్ని చదివేవాళ్ళే కరువయ్యారు. హ్యూయన్ త్సాంగ్ శిష్యుడు కుయిజీ రాసిన పెద్ద వ్యాఖ్యానం జపాన్‌లో బతికి, 19వ శతాబ్దం చివర్లో గానీ తిరిగి చైనాకి రాలేదు.

మనం ఏమన్నా మెరుగా? న్యాయముఖం సంస్కృత మూలం మన దగ్గర లేదు. దిఙ్నాగుణ్ణి ఆ పుస్తకంలో చదవాలంటే చైనీసులోనే చదవాలి. లూ త్సాయ్ పుస్తకం అక్కడా లేదు. దాని ముందుమాట మాత్రం మిగిలింది, అది కూడా హ్యూయన్ త్సాంగ్ జీవితచరిత్రలో, ఆయన ఓడిపోయిన కథ చెప్పే అధ్యాయంలో.