పురపాలక పనుల టెండరు విధానం

పురపాలక సంఘం తన పరిధిలోని రోడ్లు, మురుగు కాలువలు, మంచినీటి గొట్టాలు, భవనాలు వంటి పనులను కాంట్రాక్టరుకు అప్పగించేందుకు అనుసరించే పద్ధతిని పురపాలక పనుల టెండరు విధానం అంటారు. పనికయ్యే వ్యయాన్ని ముందుగా అంచనా వేసి, దానిని ఎంతకు చేస్తారో తెలుపవలసిందిగా అర్హులైన కాంట్రాక్టర్లను బహిరంగంగా కోరి, వచ్చినవాటిలో తక్కువ ధరను ఆమోదించడం దీని సారాంశం. ఐతే ధర ఈ ప్రక్రియలో ఒక మెట్టు మాత్రమే. ధరకు ముందు తయారయ్యే అంచనా, అర్హత నిబంధనలు, ధర తరువాత జరిగే కొలతలు సక్రమంగా లేనప్పుడు తక్కువ ధరకు ఇచ్చిన పని కూడా పట్టణానికి నష్టమే కలిగిస్తుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలోని చిన్న పట్టణాలలో ఈ విధానం ఎలా నడుస్తుందో ఈ వ్యాసం వివరిస్తుంది.

చట్ట నేపథ్యం

1992లో ఆమోదం పొంది 1993 జూన్ 1 నుండి అమలులోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ పట్టణ స్థానిక సంస్థలకు రాజ్యాంగ ప్రతిపత్తి కల్పించింది. దీని ద్వారా చేర్చిన 12వ షెడ్యూలులోని 18 అంశాలలో రోడ్లు, వంతెనలు, నీటి సరఫరా, పారిశుధ్యం ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో పురపాలక సంఘాలు 1965 నాటి పురపాలక సంఘాల చట్టం క్రింద పనిచేస్తాయి. తెలంగాణలో 2019లో చేసిన కొత్త పురపాలక చట్టం దీని స్థానంలో వచ్చింది. కాంట్రాక్టరుతో కుదిరే ఒప్పందానికి 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం వర్తిస్తుంది.

ఎన్నికైన వార్డు సభ్యులతో కూడిన పాలకవర్గం తీర్మానాలు చేస్తుంది. వాటిని అమలుచేసే కార్యనిర్వహణాధికారి కమిషనరు. ఎన్నికైన పాలకవర్గం లేని కాలంలో దాని అధికారాలను ప్రత్యేకాధికారి నిర్వహిస్తారు. సాంకేతిక బాధ్యత మునిసిపల్ ఇంజనీరుది. ఆయనపై ప్రజారోగ్య, పురపాలక ఇంజనీరింగు శాఖకు చెందిన ఉన్నత ఇంజనీర్లు ఉంటారు. ఎంత విలువగల పనిని ఎవరు మంజూరు చేయవచ్చునో ప్రభుత్వం ఉత్తర్వుల ద్వారా నిర్ణయిస్తుంది. ఈ పరిమితులు కాలానుగుణంగా మారుతూ ఉంటాయి.

అంచనా, మంజూరు

పని అవసరాన్ని గుర్తించిన పిమ్మట ఇంజనీరింగు సిబ్బంది స్థలాన్ని కొలిచి అంచనా తయారుచేస్తారు. మట్టి తవ్వకం, కంకర, సిమెంటు కాంక్రీటు, ఇనుము వంటి ఒక్కొక్క అంశానికి పరిమాణాన్ని లెక్కకట్టి, ప్రభుత్వం ప్రకటించే ప్రామాణిక రేట్ల పట్టికలోని ధరతో హెచ్చిస్తారు. దీనికి వస్తు సేవల పన్ను, ఇసుక, కంకరలపై చెల్లించే సీనరేజి, భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ సుంకం మొదలైనవి కలుస్తాయి.

మంజూరులు రెండు రకాలు. ఈ పని చేపట్టవచ్చు, దానికి నిధులున్నాయి అని అంగీకరించడం పరిపాలనా మంజూరు. రూపకల్పన, పరిమాణాలు, ధరలు సరిగా ఉన్నాయని తగిన హోదాగల ఇంజనీరు ధ్రువీకరించడం సాంకేతిక మంజూరు. ఈ రెండూ లభించిన తరువాతనే టెండరు పిలవాలి. అంచనాలోనే పరిమాణాలు ఎక్కువచేసి చూపిస్తే, ఆపైన ఎంత పోటీ జరిగినా ఆ నష్టం పూర్తిగా పూడదు.

టెండరు ప్రకటన, అర్హతలు

పని పేరు, అంచనా విలువ, ధరావతు, పూర్తిచేయవలసిన గడువు, దాఖలుకు ఆఖరు తేదీ తెలుపుతూ టెండరు ప్రకటన వెలువడుతుంది. కాంట్రాక్టర్లు ప్రభుత్వం వద్ద తరగతులవారీగా నమోదై ఉంటారు. ఏ తరగతివారు ఎంత విలువ వరకు పనులకు అర్హులో నిర్ణయించబడి ఉంటుంది. పెద్ద పనులకు గతంలో చేసిన ఇటువంటి పనుల అనుభవం, యంత్రసామగ్రి, ఆర్థిక స్తోమత కూడా పరిశీలిస్తారు. మొదట సాంకేతిక అర్హతల పత్రాలను పరిశీలించి, అందులో అర్హత పొందినవారి ధరల పత్రాలను మాత్రమే తెరుస్తారు.

నిర్ణీత పరిమితికి లోబడిన చిన్న పనులను, ప్రకృతి వైపరీత్యాల వంటి అత్యవసర పనులను టెండరు లేకుండా అప్పగించే వీలున్నది. దీనిని నామినేషన్ పద్ధతి అంటారు.

ధరల పోలిక

కాంట్రాక్టరు ఒక్కొక్క అంశానికి వేరువేరుగా ధర తెలపడం ఒక పద్ధతి. అంచనా విలువపై ఇంత శాతం ఎక్కువకు లేదా తక్కువకు చేస్తానని తెలపడం మరొకటి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003 జూలై 1న నీటిపారుదల శాఖ జారీచేసిన 94వ నంబరు ఉత్తర్వు శాతం పద్ధతికి కొన్ని హద్దులు విధించింది. తరువాత పురపాలక పనుల టెండరు పత్రాలలోను ఈ నియమాలు చోటుచేసుకున్నాయి. ఇటువంటి నియమాలు, ఉదాహరణకు, ఇలా ఉండవచ్చు:

* అంచనా విలువ కంటె 5 శాతానికి మించి ఎక్కువ కోరిన టెండరును ఆమోదించరాదు.
* 15 శాతం కంటె ఎక్కువ తగ్గించినవారు, తాము కోరిన మొత్తానికి, అంచనా విలువలో 85 శాతానికి మధ్యగల తేడాను అదనపు హామీగా సమర్పించాలి.
* 25 శాతం కంటె ఎక్కువ తగ్గించిన టెండరును తిరస్కరించాలి.
* ధరావతు మొత్తం 2.5 శాతం. ఇందులో 1 శాతం టెండరుతోపాటు, మిగిలినది ఒప్పందం సమయంలో చెల్లించాలి.

ఉదాహరణకు ఒక సిమెంటు రోడ్డు పని అంచనా విలువ 20 లక్షల రూపాయలు అనుకుందాం. నలుగురు కాంట్రాక్టర్లు వరుసగా 4 శాతం ఎక్కువకు, 8 శాతం తక్కువకు, 19 శాతం తక్కువకు, 27 శాతం తక్కువకు చేస్తామన్నారు. నాలుగవ టెండరు హద్దు దాటింది కనుక తిరస్కరించబడుతుంది. మిగిలినవాటిలో మూడవది అన్నింటికంటె తక్కువ. దాని విలువ 16.20 లక్షలు. అంచనాలో 85 శాతం అంటే 17 లక్షలు. కనుక మూడవ కాంట్రాక్టరు 80 వేల రూపాయల అదనపు హామీ ఇవ్వాలి. ధరావతు 50 వేలలో 20 వేలు టెండరుతోను, 30 వేలు ఒప్పందంతోను చెల్లించాలి. పనిని దక్కించుకోవడానికి గిట్టుబాటుకాని ధర వేసి, నాణ్యత తగ్గించడమో పనిని మధ్యలో వదలివేయడమో జరగకుండా చూడడం ఈ హామీ ఉద్దేశం.

ఒప్పందం, కొలతలు, చెల్లింపు

టెండరును అధికార పరిమితినిబట్టి కమిషనరు, పాలకవర్గం లేదా పై అధికారులు ఆమోదిస్తారు. పురపాలక సంఘం కాంట్రాక్టులో స్వప్రయోజనం ఉన్నవారు సభ్యులుగా ఉండేందుకు అనర్హులు. వ్రాతపూర్వక ఒప్పందం కుదిరిన తరువాత స్థలాన్ని కాంట్రాక్టరుకు అప్పగిస్తారు.

జరిగిన పనిని ఇంజనీరు కొలిచి కొలతల పుస్తకంలో నమోదు చేస్తారు. వ్యవహారంలో దీనిని ఎం-బుక్ అంటారు. పై ఇంజనీరు దీనిని సరిచూస్తారు. బిల్లు చెల్లింపునకు ఈ పుస్తకమే ఆధారం. కాంక్రీటు గట్టిదనాన్ని ప్రయోగశాలలో పరీక్షిస్తారు. బిల్లుల నుండి కొంత మొత్తాన్ని మినహాయించి ఉంచుతారు. పని ముగిశాక ఒప్పందంలో పేర్కొన్న కాలంలోపు లోపాలు బయటపడితే కాంట్రాక్టరు తన ఖర్చుతో సరిచేయాలి.

పెట్టెల నుండి కంప్యూటరుకు

పూర్వం టెండరు ఫారాలను కార్యాలయంలో కొని, సీలువేసిన కవర్లను అక్కడి పెట్టెలోనే వేయవలసి ఉండేది. ఇందువల్ల ఎవరెవరు ఫారాలు కొన్నారో పోటీదారులకు ముందే తెలిసిపోయేది. పెట్టె దగ్గరకు రానీయకుండా అడ్డుకోవడం, బెదిరించడం వంటి ఫిర్యాదులు ఉండేవి. 2003 జనవరిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎలక్ట్రానిక్ సేకరణ వేదికను ప్రారంభించింది. క్రమంగా ఇది పురపాలక సంస్థలకు విస్తరించింది. దీనితో కాంట్రాక్టరు ఎక్కడ నుండైనా టెండరు దాఖలు చేయగలుగుతున్నాడు.

ఆంధ్రప్రదేశ్‌లో 2019లో రివర్స్ టెండరింగు ప్రవేశపెట్టారు. మొదటి ధరలు తెరిచిన తరువాత వాటికంటె తక్కువకు మళ్ళీ పోటీపడే పద్ధతి ఇది. 2024లో ప్రభుత్వం దీనిని రద్దుచేసి పాత విధానానికి మరలింది.

లోపాలు, విమర్శలు

కంప్యూటరు పెట్టె వద్ద అడ్డగింతను తొలగించింది కాని, కాంట్రాక్టర్లు బయట కుమ్మక్కు కావడాన్ని ఆపలేదు. వంతులవారీగా పనులు పంచుకుని, ఒకరు గరిష్ఠ హద్దుకు దగ్గరగా ధర వేయగా తక్కినవారు అంతకంటె ఎక్కువ వేయడాన్ని సిండికేటు లేదా రింగు అంటారు. 2002 నాటి పోటీ చట్టం ఇటువంటి కుమ్మక్కును నిషేధిస్తున్నది. ఒకే పనిని పరిమితికి లోబడేలా ముక్కలుగా విడగొట్టడం, ఒకరికే సరిపోయేలా అర్హతలు వ్రాయడం, టెండరు ముగిశాక అదనపు పనుల పేరిట విలువ పెంచడం ఇతర లోపాలు. మరొకవైపు బిల్లులు నెలల తరబడి అందని పట్టణాలలో టెండరు వేసేవారే కరువవుతారు. వచ్చినవారు ఆలస్యానికయ్యే వడ్డీని కూడా ధరలో కలుపుకుంటారు.

న్యాయస్థానాల వైఖరి

రమణ దయారాం శెట్టి కేసులో 1979లో సుప్రీంకోర్టు, ప్రభుత్వ సంస్థ తాను ప్రకటించిన అర్హత ప్రమాణాలకు తానే కట్టుబడి ఉండాలని తీర్పునిచ్చింది. టాటా సెల్యులర్ కేసులో 1994లో, నిర్ణయం తీసుకున్న తీరును న్యాయస్థానం పరిశీలిస్తుందే తప్ప, ఆ నిర్ణయంపై అప్పీలు విన్నట్లుగా విచారించదని స్పష్టం చేసింది. తక్కువ ధర వేసినంత మాత్రాన పని తనకే ఇవ్వాలని కోరే హక్కు ఎవరికీ ఏర్పడదు.

పౌరుల హక్కులు

2005 నాటి సమాచార హక్కు చట్టం ప్రకారం అంచనా, టెండరు పోలిక పట్టిక, ఒప్పందం, కొలతల పుస్తకం నకళ్ళను పౌరులు కోరవచ్చు. సాధారణంగా 30 రోజులలో సమాధానం ఇవ్వాలి. పనిని, దస్త్రాలను స్వయంగా తనిఖీ చేయడం, వాడిన సామగ్రి నమూనాలను ధ్రువీకరణతో తీసుకోవడం కూడా ఈ చట్టం ఇచ్చిన హక్కులలో ఉన్నాయి. కొలతల పుస్తకంలోని పొడవు, వెడల్పు, మందాలను వీధిలోని రోడ్డుతో పోల్చిచూడడానికి ఇంజనీరింగు చదువు అవసరం లేదు.

ఇవి కూడా చూడండి

* పురపాలక సంఘం
* 74వ రాజ్యాంగ సవరణ
* సమాచార హక్కు చట్టం