కాగు పెద్దదైతే

"కెమికలా? ఆడపిల్లకా? కంప్యూటర్లు అన్నీ అయిపోయినాయా ఏం?" మనవరాలికి ఇంజనీరింగు సీటు వచ్చిందని తెలియగానే హిందూపురంలో మా చిన్నమ్మ అన్న మొదటి మాట ఇది. రెండో మాట నాతో. "నువ్వు నవలలు రాస్తావు కదా, నీ మాటయితే వింటుంది. కాస్త నచ్చజెప్పు."

బి.ఏ. చదివిన దాన్ని, రసాయనాల సంగతి నాకేం తెలుసు? నచ్చజెప్పాలన్నా ముందు నాకు అర్థం కావాలి కదా అని నాలుగు పుస్తకాలు తిరగేశాను. తీరా చూస్తే ఇది మన వంటింటి సంగతే!

నలుగురికి ఉప్మా చక్కగా చేసే ఇల్లాలిని పెళ్లిలో నాలుగు వందల మందికి చేయమనండి. రవ్వా నీళ్లూ వందింతలు పోస్తే సరిపోతుందా? అడుగు మాడుతుంది, మధ్యలో ఉండ కడుతుంది, దించి గంటయినా లోపల సెగ తగ్గదు. గాజు బుడ్డిలో జరిగినదాన్ని ఇల్లంత తొట్టెలో సురక్షితంగా జరిపించడమే కెమికల్ ఇంజనీరింగు. బుడ్డిలో జరిపించేవాడు కెమిస్టు. అతను వేరు, పెళ్లి వంటవాడు వేరు.

ఈ చదువుకు నాంది పలికిన జార్జి డేవిస్ ఇంగ్లండులో ఫ్యాక్టరీల పొగలు తనిఖీ చేసిన ఉద్యోగి. 1887లో మాంచెస్టరులో పన్నెండు ఉపన్యాసాలిచ్చాడు. సబ్బయినా సోడా అయినా, కాచడం, వడగట్టడం, ఆరబెట్టడం అన్నిచోట్లా ఒకటేననీ, వాటిని నేర్చుకుంటే ఏ ఫ్యాక్టరీలోనైనా పనికొస్తాయనీ ఆయన వాదన. మరుసటేడే అమెరికాలో ఎం.ఐ.టి. దీన్ని కోర్సుగా పెట్టింది. మన దేశంలో 1921లో జాదవ్‌పూర్‌లో మొదలైంది. 1933లో వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయం పంచదార తయారీ చదువుతో శ్రీకారం చుట్టింది. తెలుగువాళ్లకు ఈ విద్య తీపితోనే అబ్బిందన్నమాట! మన రాయలసీమ కోసం 1946లో పుట్టిన అనంతపురం ఇంజనీరింగు కాలేజీలో మొదట సివిల్, మెకానికల్, ఎలక్ట్రికల్ మాత్రమే ఉండేవి. కెమికల్ తర్వాత వచ్చింది.

చదువు ఆలస్యంగా వచ్చినా పని మాత్రం మా వైపు ఎప్పటినుంచో ఉంది. హిందూపురం మార్కెట్‌కొచ్చే బెల్లం అచ్చు వెనక చెరుకు రసం కాచి నీరు ఇగిర్చే విద్య లేదూ? ధర్మవరంలో అద్దకం పాకకు ఆ పిల్లను నేనే తీసుకెళ్లాను. పట్టు చిలపల్ని ముందు సబ్బు నీళ్లలో ఉడికించి బంక వదిలిస్తారు. కిలో ముడి పట్టు ముప్పావు కిలో చేతికొస్తే గొప్ప. తర్వాత రంగు కాగులో ముంచి, సెగ మెల్లగా పెంచుతూ చిలపల్ని తిప్పుతూనే ఉండాలి. తొందరపడితే చీర మీద చారలు తేలతాయి. ఆ పెద్దాయన థర్మామీటరు వాడడు. చేయి కాగు దగ్గర పెట్టి చెప్పేస్తాడు. ఒకప్పుడు రాయల వంశం రాజధాని చేసుకున్న పెనుకొండ దగ్గర 2019 నుంచీ కార్లు తయారవుతున్నాయి. కారు తొడుగును తుప్పు పట్టకుండా మందు తొట్టెలో ముంచి, పొయ్యిలో కాల్చి రంగులేస్తారు. అదీ అద్దకమే. కాకపోతే అక్కడ చేతికి బదులు మీటర్లు.

చిన్నమ్మ అసలు భయం ఆడపిల్ల అని కాదని నాకు తర్వాత తెలిసింది. "భోపాల్ మరిచిపోయినావా?" అంది. ఎలా మరిచిపోతాం? 1984 డిసెంబరు 2 రాత్రి విషవాయువు నిలవున్న తొట్టెలోకి నీళ్లు చేరాయి. చల్లబరిచే యంత్రాన్ని అంతకు కొన్ని నెలల ముందే ఆపేశారు. 2020 మే 7న విశాఖలో, ఆర్.ఆర్. వెంకటాపురం దగ్గర, లాక్‌డౌన్‌లో మూతపడి ఉన్న ఫ్యాక్టరీ తొట్టెలో స్టైరీన్ తనంతట తానే వేడెక్కి ఆవిరైంది. పన్నెండు మంది పోయారు. రెండుచోట్లా చిన్న గిన్నెలో అయితే తెలియని వేడి, పెద్ద తొట్టెలో బయటికి పోయే దారి లేక పెరిగింది. పెళ్లివారి ఉప్మా లోపలి సెగ అన్నానే, అదేనండీ! ఆ వేడి లెక్కలు కట్టేవాళ్లు, కట్టాక గట్టిగా పట్టుబట్టేవాళ్లు లేకపోతే ఏమవుతుందో ఆ రెండు ఊళ్లకే తెలుసు.

ఇక ఉద్యోగాలంటారా, 1957లో విశాఖలో చమురు శుద్ధి కర్మాగారం వచ్చినప్పటినుంచీ మనవాళ్లకు దారులున్నాయి. కల్లం అంజిరెడ్డి గారు పూనాలో కెమికల్ ఇంజనీరింగులో పి.హెచ్‌డి. చేసి, హైదరాబాదు ఐ.డి.పి.ఎల్.లో పనిచేసి, 1984లో సొంత మందుల కంపెనీ పెట్టారు. ఎరువులు, సిమెంటు, కాగితం, రంగులు, ఇప్పుడు బ్యాటరీలు కూడా. ఇది చదివి చివరికి సాఫ్ట్‌వేర్‌లో చేరేవాళ్లూ ఉన్నారు, దాచడం ఎందుకు?

ఆ రోజు అద్దకం పాకలో చిలపలు ఆరేశాక కాగులో మిగిలిన ఎర్రనీళ్లు చూసి, "ఇవెక్కడికి పోతాయి తాతా?" అని అడిగింది పిల్ల. ఆయన వీధి కాలవ చూపించాడు. దాని రంగు ఎలా విరుస్తారో, బురద అడుగున ఎలా పేరుకుంటుందో తిరుగు రైల్లో దారంతా చెబుతూనే ఉంది. సగం నాకు అర్థమైంది.