ప్రొబేషన్ కాలంలో ఉద్యోగ తొలగింపు

ప్రొబేషన్ అనగా ఉద్యోగిని స్థిరపరచుటకు ముందు అతని పనితీరును పరీక్షించే కాలము. ఈ కాలములో తొలగించబడినవారికి భారతదేశ చట్టాల క్రింద లభించే రక్షణ, నిరుద్యోగ భృతి చాలా పరిమితమైనవి. కరీంనగర్, ఆదిలాబాదు ప్రాంతాలలో బొగ్గు గనులు, కాగితం మిల్లు, సిమెంటు కర్మాగారాలు, దుకాణాలు ప్రధాన ఉపాధి వనరులు. పనిచేసే చోటును బట్టి వర్తించే చట్టము మారుతుంది.

చట్టపరమైన స్థితి

1957లో సుప్రీంకోర్టు పురుషోత్తంలాల్ ధింగ్రా కేసులో, ప్రొబేషన్‌లో ఉన్న ప్రభుత్వోద్యోగిని పనితీరు కారణముగా తొలగించుట శిక్ష కాదని తీర్పునిచ్చింది. దుష్ప్రవర్తన ఆరోపణ ఆధారముగా తొలగించినచో అది శిక్ష అవుతుంది. అప్పుడు విచారణ తప్పనిసరి.

పారిశ్రామిక వివాదాల చట్టము (1947) ప్రకారము ఒక సంవత్సరము నిరంతర సేవ, అనగా 240 దినములు, పూర్తిచేసిన కార్మికుని రిట్రెంచ్ చేయుటకు నెల రోజుల నోటీసు, ప్రతి సంవత్సర సేవకు 15 రోజుల వేతనము పరిహారముగా ఇవ్వవలెను. గనిలో భూగర్భమున పనిచేసేవారికి 190 దినములు చాలును. అయితే నియామక ఒప్పందములోని షరతు ప్రకారము జరిగే తొలగింపు రిట్రెంచ్‌మెంట్ కాదని 1984లో సవరణ వచ్చింది. జీవిత బీమా సంస్థ మచిలీపట్నం డివిజన్‌కు చెందిన కేసులో సుప్రీంకోర్టు 1994లో ఈ మినహాయింపును ప్రొబేషనర్లకు వర్తింపజేసింది. 2025 నవంబరు 21 నుండి ఈ చట్టము స్థానములో పారిశ్రామిక సంబంధాల స్మృతి (2020) అమలులోకి వచ్చింది. మినహాయింపు అందులోను కొనసాగినది.

దుకాణాలు, వాణిజ్య సంస్థలకు 1988 నాటి చట్టము వర్తిస్తుంది. ఆరు నెలలు నిరంతరముగా పనిచేసినవారిని సహేతుక కారణము, నెల రోజుల నోటీసు లేదా అందుకు బదులు వేతనము లేకుండా తొలగించరాదు.

నిరుద్యోగ భృతి

ఉద్యోగుల రాజ్య బీమా (ఇ.ఎస్.ఐ.) సభ్యుల కొరకు 2005 ఏప్రిల్ 1న రాజీవ్ గాంధీ శ్రామిక్ కళ్యాణ్ యోజన, 2018 జూలై 1న అటల్ బీమిత్ వ్యక్తి కళ్యాణ్ యోజన ప్రారంభమైనవి. రెండవ పథకములో 90 రోజుల వరకు సగటు వేతనములో 25 శాతము ఇచ్చేవారు. 2020లో దానిని 50 శాతమునకు పెంచారు. అప్పటి సడలింపుల ప్రకారము షరతులు:

* ఉద్యోగము పోవుటకు ముందు కనీసము రెండు సంవత్సరాలు బీమా పరిధిలో ఉండవలెను.
* చివరి చందా కాలములో 78 రోజులు, అంతకు ముందరి మూడు చందా కాలాలలో ఏదో ఒకదానిలో 78 రోజులు చందా చెల్లించి ఉండవలెను.
* దుష్ప్రవర్తన వలన తొలగింపబడి ఉండరాదు.
* ఉద్యోగము పోయిన 30 రోజుల తరువాత దరఖాస్తు చేయవచ్చును. యజమాని ద్వారా పంపనవసరము లేదు.

కావున మొదటి ఉద్యోగములో చేరి ఆరు నెలలకే తొలగించబడినవారికి భృతి రాదు. అంతకుముందు వేరొక సంస్థలో ఇ.ఎస్.ఐ. చందా చెల్లించినవారికి మాత్రమే అవకాశము ఉన్నది. తొలగింపు ఉత్తర్వులో "దుష్ప్రవర్తన" అని వ్రాయబడినచో ఆ అవకాశమూ పోతుంది.

ఉత్తర తెలంగాణలో

ఇ.ఎస్.ఐ. చట్టము (1948) గనులను కర్మాగారము నిర్వచనము నుండి మినహాయించింది. అందువలన సింగరేణి గని కార్మికులు ఈ పథకాల పరిధిలోకి రాలేదు. 2014లో మూతపడి 2018లో తిరిగి తెరచిన సిర్పూరు కాగితపు మిల్లు వంటి కర్మాగారాలు ఇ.ఎస్.ఐ. పరిధిలోనివి. గోదావరిఖనిలోని పారిశ్రామిక ట్రిబ్యునల్, కార్మిక న్యాయస్థానము ఈ ప్రాంతపు తొలగింపు వివాదాలను విచారిస్తూ వచ్చినది.

ఇవి కూడా చూడండి

* సింగరేణి బొగ్గు గనులు
* కాగజ్‌నగర్
* ఉద్యోగుల రాజ్య బీమా సంస్థ