మహమ్మద్ అలీ సంతకాలు: మారిన పేరు, మారిన చెయ్యి

ఎప్పుడో ఖాతా తెరిచిన రోజున పెట్టిన సంతకానికీ, నేటి చెక్కు మీది సంతకానికీ పొంతన లేదని బ్యాంకు తిప్పి పంపడం చాలామందికి అనుభవమే. రెండూ మన చేత్తో పెట్టినవే. మధ్యలో ఏళ్లు గడిచాయంతే. పేరున్న క్రీడాకారుల ఆటోగ్రాఫుల విషయంలో ఇదే తేడా పెద్ద మొత్తాలతో ముడిపడిన తగాదా అవుతుంది. అందుకే అనుభవమున్న సేకర్తలు ‘ఇది అసలుదేనా’ అని కాకుండా, ముందు ‘ఇది ఏ కాలానిది’ అని అడుగుతారు. ఆ ప్రశ్న ఎంత అవసరమో తెలియాలంటే మహమ్మద్ అలీ సంతకాలను చూడాలి.

అలీ 1942 జనవరి 17న అమెరికాలోని లూయివిల్‌లో పుట్టాడు. తల్లిదండ్రులు పెట్టిన పేరు కాషియస్ మార్సెలస్ క్లే. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో లైట్ హెవీవెయిట్ స్వర్ణం గెలిచినప్పుడు, 1964 ఫిబ్రవరి 25న సోనీ లిస్టన్‌ను ఓడించి ప్రపంచ చాంపియన్ అయినప్పుడు అతను క్లేయే. తర్వాత కొన్ని రోజులు ‘కాషియస్ ఎక్స్’. మార్చి 6న నేషన్ ఆఫ్ ఇస్లాం అధిపతి ఎలైజా మహమ్మద్ అతనికి కొత్త పేరు ప్రకటించాడు. క్లే అన్నది బానిసత్వం నాటి పేరని అలీ వదులుకున్నాడు. తమాషా ఏమిటంటే, ఆ పేరు తండ్రి నుంచి వచ్చింది. తండ్రికేమో బానిసత్వాన్ని వ్యతిరేకించిన 19వ శతాబ్దపు కెంటకీ రాజకీయ నాయకుడి పేరు పెట్టారు.

కొత్త పేరును చాలా పత్రికలు ఏళ్ల తరబడి ఒప్పుకోలేదు. ప్రత్యర్థి ఎర్నీ టెరెల్ కూడా క్లే అనే పిలిచి, 1967 ఫిబ్రవరిలో రింగులో ‘నా పేరేమిటి’ అన్న ప్రశ్నతో పాటు 15 రౌండ్ల దెబ్బలు తిన్నాడు. అదే ఏడాది ఏప్రిల్ 28న హ్యూస్టన్‌లో సైన్యంలోకి తీసుకునే అధికారి పాత పేరుతో పిలిస్తే అలీ ముందుకు అడుగు వేయలేదు. 1971లో అమెరికా సుప్రీంకోర్టు అతని శిక్షను కొట్టివేసింది. ఆ తీర్పు సైతం న్యాయశాస్త్ర గ్రంథాల్లో క్లే కేసుగానే ఉంది. ప్రభుత్వ కాగితాల్లో పేరు ఎవరు ఎలా రాసినా, అభిమాని చాచిన పుస్తకంలో ఏ పేరు రాయాలన్నది మాత్రం అతని చేతిలోని పని. 1964 తర్వాతి సంతకాలకు అదొక విలువ.

కాబట్టి క్లే అని ఉంటే 1964కు ముందుది, అలీ అని ఉంటే తర్వాతది అనుకోవడం సహజం. అదే పొరపాటు. రిటైరయ్యాక, ఆటోగ్రాఫు కూడా ఒక వ్యాపారంగా మారిన రోజుల్లో, కొనేవాళ్ల కోరిక మీద అలీ గ్లవ్స్ మీదా ఫొటోల మీదా పాత పేరు కూడా రాశాడు. అలాంటి గ్లవ్ మీది పేరు 1963 నాటిది, రాసిన చెయ్యి 1990ల నాటిది. రెండూ నిజమే. ఒలింపిక్స్ కాలపు సంతకమని చెప్పి దాన్ని అమ్మితేనే మోసం.

ఇక చెయ్యి సంగతి. పేరున్న ఆటగాళ్లలో చాలామంది సంతకాలు కాలక్రమాన పొట్టివవుతాయి. రోజుకు వందల సంతకాలు పెట్టే చెయ్యి మధ్య అక్షరాలను మింగేస్తుంది. మొదటి అక్షరం, చివర ఒక గీత మిగులుతాయి. అలీ విషయంలో దీనికి వ్యాధి తోడైంది. 1981 డిసెంబరులో ఆఖరి పోటీ ఆడిన అతనికి 1984లో పార్కిన్సన్స్ లక్షణాలను వైద్యులు నిర్ధారించారు. మెదడులో డోపమైన్ తయారుచేసే కణాలు నశించడం వల్ల వచ్చే ఈ వ్యాధిలో రాత చిన్నదవుతుంది. కొందరికి మొదటి నుంచీ చిన్నగా వస్తుంది, మరికొందరికి మామూలుగా మొదలై పోనుపోను కుంచించుకుపోతుంది. మందు బాగా పనిచేసే గంటల్లో రాత కొంత మెరుగ్గా ఉంటుంది, ప్రభావం తగ్గాక మళ్లీ బిగుసుకుంటుంది. అంటే ఒకే మనిషి ఒకే రోజు పెట్టిన రెండు నిజమైన సంతకాలు కూడా ఒకేలా ఉండకపోవచ్చు.

నకిలీని పట్టుకునే పద్ధతి ఇక్కడే ఇబ్బందుల్లో పడుతుంది. పోర్జరీ చేసేవాడు రాయడు, బొమ్మ గీస్తాడు. అందుకే గీత నెమ్మదిగా నడుస్తుంది, వణుకుతుంది, అనవసరమైన చోట కలం లేస్తుంది, ఒత్తిడి అంతటా ఒకేలా ఉంటుంది. పార్కిన్సన్స్ రోగి నిజమైన సంతకంలోనూ నెమ్మది, వణుకు, ఆగి ఆగి సాగిన గీత కనిపిస్తాయి. 1960ల నాటి ధాటైన సంతకాన్ని నమూనాగా పక్కన పెట్టుకుని చూస్తే, జబ్బు మనిషి కష్టపడి పెట్టినది నకిలీగా కనబడుతుంది. పడుచు అలీ సంతకాన్ని బాగా సాధన చేసినవాడి పని అసలుదిగా చెల్లిపోతుంది. సరైన పోలిక ఒక్కటే: అదే ఏడాది, వీలైతే అదే రకం వస్తువు మీది సంతకంతో. కాగితం మీద కలం నడిచినట్టు వంపు తిరిగిన తోలు గ్లవ్ మీద మార్కర్ నడవదు.

నకిలీల భయం ఊహ కాదు. 1990ల చివర్లో అమెరికా ఎఫ్‌బీఐ ‘ఆపరేషన్ బుల్‌పెన్’ పేరుతో క్రీడా జ్ఞాపికల ఫోర్జరీ ముఠాలను పట్టుకుంది. దొరికిన సరుకులో మదర్ థెరిసా సంతకంతో బేస్‌బాల్ బంతులు కూడా ఉన్నాయి! కోల్‌కతాలో ఆమె చేతికి బేస్‌బాల్ ఎవరిచ్చారో కొనేవాళ్లు అడగలేదు కాబోలు.

కాలాన్ని పట్టిచ్చే గుర్తులు ఇతరుల సంతకాల్లోనూ ఉంటాయి. బాస్కెట్‌బాల్ ఆటగాడు లూ ఆల్సిండర్ 1971లో కరీం అబ్దుల్ జబ్బార్ అయ్యాడు. బేస్‌బాల్ దిగ్గజం బేబ్ రూత్ చాలాకాలం ‘బేబ్’ను కొటేషన్ గుర్తుల మధ్య రాసేవాడు, తర్వాత మానేశాడు. అందరిదీ అరిగిపోవాలనేమీ లేదు. డాన్ బ్రాడ్‌మన్ ముసలితనంలోనూ అభిమానుల ఉత్తరాలకు జవాబులిస్తూ, చదవగలిగే సంతకమే పెట్టాడు. మినెసోటా ట్విన్స్ మాజీ ఆటగాడు హార్మన్ కిల్లెబ్రూ, గీకేసినట్టు సంతకం చేస్తున్న టోరీ హంటర్‌ను కూర్చోబెట్టి, అందరూ చదవగలిగేలా పేరు రాయమని మందలించాడు. హంటర్ మార్చుకున్నాడు కూడా.

అలీ 1980లో మన దేశం వచ్చాడు. మద్రాసులో జిమ్మీ ఎల్లిస్‌తో ప్రదర్శన పోటీ ఆడాడు. ఆ రోజుల్లో మద్రాసులో తెలుగువాళ్లకు కొదవ లేదు కనుక, ఏ ఇంట్లోనో పాత డైరీలో ఆనాటి సంతకం ఇప్పటికీ ఉండొచ్చు. ఉంటే దాన్ని 1979, 1980 నాటి సంతకాలతోనే పోల్చాలి. దానిమీద పేరు అలీ అనే ఉండాలి, గీతలో వ్యాధి నిర్ధారణ తర్వాతి కాలపు కుదింపు కనబడకూడదు. దొరికిన కాగితాన్ని లామినేషన్ చేయించకండి. వేడికి కాగితం, సిరా దెబ్బతింటాయి, పైగా కలం ఒత్తిడి ఆనవాళ్లను పరీక్షించే వీలు పోతుంది. ఆ పోటీ టికెట్టో, తేదీ ఉన్న ఫొటోనో దొరికితే దాన్నీ పక్కనే ఉంచండి.