సొంత బండా, కిరాయి బండా? మన డెల్టాలో ఇది పాత లెక్కే

ఈమధ్య ఏ ఊళ్ళో నలుగురు కూర్చున్నా ఇదే మాట: "కిరాయిలు కట్టలేకపోతున్నాం, మనమే ఒక బండి కొనేద్దామా?" ఫైనాన్స్ వాళ్ళ దగ్గరికి వెళ్ళేముందు కాస్త వెనక్కి చూద్దాం. మన తాతలకీ ఈ ప్రశ్న ఎదురైంది.

ముందు కాలువల సంగతి. కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలెట్టి 1852కి పూర్తి చేశారు. ఆ కాలువలు చేలకి నీళ్ళు పెట్టడానికే తవ్వలేదండి, పడవలు నడవడానికి కూడా. లాకులు కట్టింది అందుకే. ఏలూరు కాలువ మీదుగా కృష్ణ, అక్కణ్ణుంచి బకింగ్‌హామ్ కాలువలో మద్రాసు దాకా పడవ దారి ఉండేది. గాలి ఉంటే తెరచాప, లేకపోతే గట్టు మీద మనుషులు తాడుతో లాగడం. బండి మీద కంటే చాలా చౌక. కానీ ఎండాకాలం కాలువలు కట్టేస్తే పడవ కదలదు. తిరిగినా తిరక్కపోయినా పడవకి మరమ్మతు తప్పదు, ఆ ఖర్చు పడవ యజమానిదే. కిరాయికి తోలించుకున్నవాడికి ఆ బాధ లేదు. సొంత బండి గుట్టంతా ఇక్కడే ఉందండి: అది నడిచిన రోజులు కాదు, ఆగిన రోజులు లెక్కపెట్టాలి.

తర్వాత 1890ల్లో రైలొచ్చింది. 1900లో రాజమండ్రి దగ్గర హేవలాక్ వంతెన మీద రైళ్ళు మొదలయ్యాయి. రైలు వ్యాగను ఎవడూ కొనుక్కోలేడు, అందరూ కిరాయిదారులే. పైగా వ్యాగను నిండాలి. నాలుగు బస్తాలున్న రైతు నింపలేడు, పదిమంది సరుకు పోగేసిన షావుకారు నింపగలడు. అలా రవాణా ఎవరి చేతిలో ఉంటే ధర కూడా వాళ్ళ చేతిలోకి పోయింది. ఈ భయంతోనే ఇవాళా మనం సొంత బండి అంటున్నాం. ఆ భయం తప్పేం కాదు.

ఇక లారీలు. పాత లారీల ముందు "పబ్లిక్ క్యారియర్" అని రాసుండేది, పెద్దవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. 1939 మోటారు వాహనాల చట్టంలో రెండు రకాల పర్మిట్లు ఉండేవి. ప్రైవేట్ క్యారియర్ అయితే యజమాని సొంత సరుకే వేసుకోవాలి, కిరాయికి ఒప్పుకోకూడదు. అంటే సరుకు దింపి వచ్చేటప్పుడు ఖాళీగా రావాల్సిందే. పబ్లిక్ క్యారియర్‌కి తిరుగు లోడు దొరికేది. 1988 చట్టం ఈ తేడా తీసేసింది. బండి బరువు, సరుకు బరువు కలిపి 3,000 కిలోలు దాటని బండికి పర్మిట్టే అక్కర్లేదంది. అయితే రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్, ఫిట్‌నెస్ మాత్రం ఉండాల్సిందే. 2005లో టాటా ఏస్ దిగాక ఈ చిన్న బండ్లు ఊరూరా వచ్చేశాయి. చట్టం అడ్డు తీసింది గానీ తిరుగు లోడు వెతికి పెట్టదు కదండీ. అది మనమే వెతుక్కోవాలి.

ఇప్పుడు లెక్క. ఇవి ఉదాహరణ అంకెలే, మీ అంకెలు మీరు వేసుకోండి. వాయిదా, డ్రైవరు జీతం, ఇన్సూరెన్స్, మరమ్మతులు కలిపి నెలకి 30,000 అనుకుందాం. కిరాయి బండి ట్రిప్పుకి 2,500 తీసుకుంటుంది. సొంత బండికి డీజిలు, బత్తా 1,000 అవుతుంది. ట్రిప్పుకి మిగిలేది 1,500. అంటే నెలకి 20 ట్రిప్పులు తిరిగితే అక్కడికి అక్కడ సరి. 21వ ట్రిప్పు నుంచే లాభం.

సార్వా, దాళ్వా ధాన్యం పండించేవాడికి ఏడాదికి రెండే కోతలు. నెలనెలా 20 ట్రిప్పులు ఎక్కణ్ణుంచి వస్తాయి? ఆయనకి కిరాయే మేలు. రావులపాలెం మార్కెట్టుకి ఏడాది పొడవునా అరటి గెలలు వేసేవాళ్ళు, కడియం నర్సరీల వాళ్ళు, కూరగాయల వాళ్ళు అయితే ఆలోచించొచ్చు. అదైనా నలుగురైదుగురు కలిసి కొంటే బండి ఆగదు. ఎవరి వంతు ఎప్పుడు, మరమ్మతు ఖర్చు ఎవరిది అన్నది ముందే కాగితం మీద రాసుకోండి. గెలలు ఒకేసారి పక్వానికొస్తే స్నేహాలు చెడేది అక్కడేనండి.

భీమవరం చేపల్లాగా ఐసు వేసి హౌరా దాకా పంపాల్సిన సరుకైతే, దూరం లారీ మనం కొనే పని కాదు. కిరాయికే ఇవ్వండి, కానీ రసీదు లేకుండా సరుకు ఎక్కించొద్దు. 2007 రోడ్డు రవాణా చట్టం ప్రకారం సరుకు పోయినా పాడైనా, బుక్ చేసిన 180 రోజుల్లోగా రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. లేకపోతే ఆ ట్రాన్స్‌పోర్టు వాళ్ళ మీద దావా నిలవదు. ఫోనులో తిట్టుకుంటే అది నోటీసు కిందకి రాదు.

కాబట్టి కొనేముందు ఒక ఏడాది కిరాయి చిట్టాలు తీసి, ఏ నెలలో ఎన్ని ట్రిప్పులు వేశారో పుస్తకంలో రాయండి. ఖాళీ నెలలు నాలుగు దాటితే సొంత బండి ఆలోచన పక్కన పెట్టండి. మీ ఊరి కిరాయిలు, మీ లెక్కలు కింద రాయండి, నలుగురికీ పనికొస్తాయి.