ఉద్యోగం నుంచి తీసేస్తే ఎక్కడికి వెళ్లాలి? గడువు ఇక రెండేళ్లే

అన్యాయంగా ఉద్యోగం నుంచి తొలగించారని భావించే కార్మికుడు సవాలు చేయడానికి ఉన్న గడువు తగ్గింది. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం స్థానంలో వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్-2020 గత ఏడాది, అంటే 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చింది. పాత చట్టం మూడేళ్ల సమయం ఇస్తే, కోడ్ రెండేళ్లే ఇస్తోంది. రాజీ కుదురుతుందనో, మళ్లీ పిలుస్తారనో ఎదురుచూస్తూ కూర్చునేవారు ముందుగా గమనించాల్సిన మార్పు ఇది.

ఎవరికి వర్తిస్తుంది?

కోడ్ రక్షణ 'వర్కర్' నిర్వచనంలోకి వచ్చేవారికే. శారీరక, సాంకేతిక, గుమాస్తా పనులు చేసేవారు, వర్కింగ్ జర్నలిస్టులు, మెడికల్ రిప్రజెంటేటివ్‌ల వంటి సేల్స్ ప్రమోషన్ ఉద్యోగులు ఇందులోకి వస్తారు. మేనేజర్లు రారు. సూపర్వైజర్ల జీతం నెలకు రూ.18,000 దాటితే వారూ రారు. అయితే పేరుకు ఏ హోదా ఇచ్చారన్నది కాదు, ప్రధానంగా ఏ పని చేయించారన్నదే కోర్టులు చూస్తాయి. 'ఎగ్జిక్యూటివ్' అని రాసినంత మాత్రాన హక్కు పోదు.

నిర్వచనంలోకి రాని ప్రైవేటు ఉద్యోగులకు సాధారణంగా మిగిలేది సివిల్ కోర్టు. అక్కడ నోటీసు కాలపు జీతం, నష్టపరిహారం అడగవచ్చు కానీ తిరిగి ఉద్యోగం దొరకడం దాదాపు అసాధ్యం. ప్రభుత్వోద్యోగుల దారి వేరు. వారికి రాజ్యాంగంలోని 311వ అధికరణ రక్షణ ఉంది.

ఏది అన్యాయమైన తొలగింపు?

దుష్ప్రవర్తన ఆరోపిస్తే ఛార్జిషీటు ఇవ్వాలి, విచారణ జరపాలి, సంజాయిషీ చెప్పుకునే అవకాశమివ్వాలి. ఆరోపణ లేకుండా 'సిబ్బంది ఎక్కువయ్యారు' అని తొలగిస్తే అది రిట్రెంచ్‌మెంట్. ఏడాదిపాటు నిరంతరంగా పనిచేసినవారికి నెల రోజుల ముందు నోటీసు లేదా నెల జీతం, ఏడాది సర్వీసుకు 15 రోజుల సగటు వేతనం చొప్పున పరిహారం చెల్లించాలి. గడిచిన 12 నెలల్లో 240 రోజులు పనిచేస్తే ఏడాది సర్వీసు కిందే లెక్క. ఆ 240 రోజులు పనిచేశానని నిరూపించుకునే బాధ్యత మాత్రం కార్మికుడిదేనని సుప్రీంకోర్టు 2002లో చెప్పింది.

విచారణ జరపలేదన్న ఒక్క కారణంతో కేసు గెలిచినట్టు కాదు. అలాంటప్పుడు కూడా యాజమాన్యం తన ఆరోపణను నేరుగా ట్రిబ్యునల్ ముందు రుజువు చేసుకోవచ్చు.

ఎక్కడ మొదలుపెట్టాలి?

మొదట కార్మిక శాఖలోని కన్సిలియేషన్ అధికారికి దరఖాస్తు చేయాలి. 45 రోజుల్లో పరిష్కారం కాకపోతే కార్మికుడు యూనియన్ మద్దతు లేకున్నా, ప్రభుత్వ సిఫారసు లేకున్నా నేరుగా ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు. ఇలా నేరుగా వెళ్లే హక్కును ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1987లోనే రాష్ట్ర సవరణ ద్వారా ఇచ్చింది. కేంద్ర చట్టంలోకి అది 2010లో వచ్చింది.

దుకాణాలు, వాణిజ్య సంస్థల ఉద్యోగులకు ఉమ్మడి రాష్ట్రంలో 1988లో వచ్చిన దుకాణాలు, సంస్థల చట్టం మరో మార్గం చూపింది. ఆరు నెలలు నిరంతరంగా పనిచేసినవారిని సహేతుక కారణం, నెల నోటీసు లేదా బదులుగా జీతం లేకుండా తొలగించకూడదని, తొలగిస్తే నిర్దేశిత అధికారి ముందు అప్పీలు చేసుకోవచ్చని అది చెప్పింది.

గెలిస్తే ఏం దక్కుతుంది?

శిక్ష మరీ ఎక్కువనిపిస్తే ట్రిబ్యునల్ దాన్ని తగ్గించవచ్చు, తిరిగి ఉద్యోగంలోకి తీసుకోమనవచ్చు. తొలగింపు అక్రమమని తేలితే పాత బకాయి జీతంతో సహా తిరిగి తీసుకోవడమే సాధారణ నియమమని 2013లో ఒక ఉపాధ్యాయురాలి కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. కానీ దినసరి కూలీల విషయంలో, నోటీసు, పరిహారం ఇవ్వలేదన్న లోపం మాత్రమే ఉంటే పునర్నియామకానికి బదులు డబ్బు ఇప్పించడం సరిపోతుందని 2014లో మరో తీర్పులో పేర్కొంది. అందువల్ల కేసు గెలిచినవారందరికీ కుర్చీ తిరిగి దొరకదు.

అప్పీలు సంగతి

ట్రిబ్యునల్ అవార్డుపై మామూలు అప్పీలు లేదు. హైకోర్టులో రిట్ పిటిషన్ వేయాలి. హైకోర్టు సాక్ష్యాలను మళ్లీ మొదటి నుంచి తూచదు. చట్టపరమైన తప్పు, అధికార పరిధి ఉల్లంఘన, ఆధారం లేని నిర్ధారణ ఉన్నాయా అనే చూస్తుంది. కాబట్టి కింద దాఖలు చేయని పత్రం పైన ఆదుకోవడం కష్టం.

పునర్నియామక ఉత్తర్వుపై యాజమాన్యం హైకోర్టుకో సుప్రీంకోర్టుకో వెళ్తే, ఆ కేసు నడిచినంత కాలం కార్మికుడికి చివరిగా తీసుకున్న పూర్తి జీతం చెల్లించాలి. వేరే ఉద్యోగం లేదని కార్మికుడు అఫిడవిట్ ఇవ్వాలి.

నియామక పత్రం, జీతం స్లిప్పులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, పీఎఫ్ రికార్డు, హాజరు వివరాలు, తొలగింపు మెయిల్ దాచుకోవాలి. ఒత్తిడి చేసి రాజీనామా రాయించుకున్నారంటే, ఆ ఒత్తిడిని నిరూపించాల్సింది ఉద్యోగే. సంతకం చేయకముందే అభ్యంతరాన్ని రాతపూర్వకంగా పంపితే, తర్వాత ట్రిబ్యునల్‌లో అదే మొదటి ఆధారమవుతుంది.